మెదడు కణుతికి లేజర్ చికిత్స అన్నారా? ఒప్పుకునే ముందు నుంచి మొదటి స్కాన్ దాకా ఏమేం చేయాలి

మెదడులో గడ్డ ఉందని తెలిసిన ఇంట్లో, "తల తెరవక్కర్లేదట, లేజర్‌తో కాల్చేస్తారట" అన్న మాట వినబడగానే అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఆ ఊరటకు కారణం ఉంది. పుర్రెలో సుమారు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం, పైన ఒకటో రెండో కుట్లు, చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే ఇంటికి. కానీ ఇది కొన్ని గడ్డలకే పనికొచ్చే చికిత్స. కోత చిన్నదైనంత మాత్రాన జబ్బు చిన్నదైపోదు. ఆ రెండూ కలిపేసుకుని ఆశ పెట్టుకున్న కుటుంబాలే తర్వాత ఎక్కువ కుంగిపోతాయి.

నేను అమెరికాలో న్యూరోసర్జరీ వార్డులో నర్సుని. పిల్లల దగ్గరకి వచ్చి ఇక్కడ జబ్బుపడిన అమ్మానాన్నలు, ఇక్కడే స్థిరపడిన మనవాళ్ళు, హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వాట్సాప్‌లో రిపోర్టులు పంపి అడిగే బంధువులు, అందరికీ విడివిడిగా చెప్పే సంగతులే ఇక్కడ వరసలో పెడుతున్నాను. మీ డాక్టర్ చెప్పేదానికి ఇది బదులు కాదు. డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలియాలన్నదే నా ఉద్దేశం.

1. ముందు ఆ గడ్డ ఏమిటో తెలుసుకోండి

"బ్రెయిన్ ట్యూమర్" అన్నది జబ్బు పేరు కాదు, అది ఉన్న చోటు మాత్రమే. లేజర్ సంగతి మాట్లాడే ముందు మీ గడ్డ ఈ మూడింటిలో ఏ కోవకి వస్తుందో అడగండి. మెదడులోనే పుట్టిందా? (గ్లియోబ్లాస్టోమా, ఇతర గ్లియోమాలు ఈ రకం.) ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో, మరో చోటు నుంచో క్యాన్సర్ మెదడుకి పాకిందా? దీన్ని మెటాస్టాసిస్ అంటారు. లేక గతంలో గామా నైఫ్, సైబర్ నైఫ్ లాంటి రేడియేషన్ ఇచ్చిన చోట ఇప్పుడు మళ్ళీ ఏదో పెరుగుతోందా?

మూడోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, తికమకంతా అక్కడే. రేడియేషన్ తర్వాత నెలలకో ఏడాదికో స్కాన్‌లో ఆ చోటు పెద్దదై కనబడుతుంది. అది తిరిగొచ్చిన క్యాన్సర్ కావచ్చు. రేడియేషన్ దెబ్బకి కణజాలం చచ్చి వాచిన రేడియేషన్ నెక్రోసిస్ కూడా కావచ్చు. మామూలు ఎమ్మారైలో రెండూ ఒకేలా ఉంటాయి. నెక్రోసిస్ క్యాన్సర్ కాకపోయినా దాని వాపు వల్ల తలనొప్పి, కాలూచేయీ బలహీనత, ఫిట్స్ వస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు మానలేని స్థితి ఏర్పడుతుంది. లేజర్‌కి ఇక్కడ మంచి చోటుంది: అదే రంధ్రంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, అదే దారిలో లేజర్ పంపి కాల్చేస్తారు. అది క్యాన్సర్ అయినా నెక్రోసిస్ అయినా చికిత్స జరిగిపోతుంది. చాలామందికి తర్వాత స్టెరాయిడ్లు తగ్గించుకునే వీలు దొరుకుతుంది. నెక్రోసిస్‌కి బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ దారి కూడా ఉంది, దాని గురించీ అడగండి.

2. లేజర్ లోపల ఏం చేస్తుందో అర్థం చేసుకోండి

దీని పూర్తి పేరు లేజర్ ఇంటర్‌స్టీషియల్ థర్మల్ థెరపీ. డాక్టర్లు పొట్టిగా లిట్ అంటారు. రిపోర్టులో లేజర్ అబ్లేషన్ అని కూడా రాస్తారు. సన్నటి ఫైబర్‌ని గడ్డ నడుమకి దించి, కాంతి పంపి, ఆ వేడితో గడ్డని లోపలినుంచి ఉడికించి చంపుతారు. బ్రిటిష్ వైద్యుడు స్టీఫెన్ బౌన్ ఈ ఊహని 1983లోనే రాశాడు. 1990లో జపాన్ వైద్యులు మెదడు గడ్డల మీద వాడారు. అయినా చాలా ఏళ్ళు ఇది మూలనపడి ఉంది, ఎందుకంటే లోపల వేడి ఎంత దూరం పాకుతోందో బయటినుంచి చూసే దారి లేదు. మెదడులో అలా చీకట్లో పనిచేయడం కుదరదు.

ఆ దారి ఎమ్మారై చూపించింది. వేడెక్కేకొద్దీ నీటి అణువుల్లోని ప్రోటాన్ల సంకేతం కొద్దికొద్దిగా మారుతుంది. ఆ తేడాని కొలిచి, కొన్ని సెకన్లకోసారి మెదడు ఉష్ణోగ్రత పటాన్ని తెర మీద గీస్తారు. ఇలా పనిచేసే లేజర్ యంత్రాల్లో విజువలేస్‌కి 2007లో, న్యూరోబ్లేట్‌కి 2009లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఇచ్చింది. మొదటిదాంట్లో ఫైబర్ కొసని సెలైన్‌తో, రెండోదాంట్లో కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చల్లబరుస్తారు. అలా చల్లబరచకపోతే కొస చుట్టూ మాడిపోయి, వేడి అవతలికి వెళ్ళదు.

న్యూరోబ్లేట్ తెర మీద గడ్డ చుట్టూ రంగు గీతలు పెరుగుతూ వస్తాయి. పసుపు గీత అంటే 43 డిగ్రీల వేడి 2 నిమిషాలు తగిలినంత దెబ్బ, నీలం అంటే 10 నిమిషాలు, తెలుపు అంటే 60 నిమిషాలు. నీలం గీత లోపలున్న కణాలు బతకవని లెక్క. ఆ నీలం గీత గడ్డ అంచు దాకా చేరాలి, కానీ పక్కనున్న మాట, నడక తాలూకు దారుల్లోకి పోకూడదు. సర్జన్ నైపుణ్యమంతా ఆ అంచు దగ్గరే ఉంటుంది.

ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: గడ్డని బయటికి తియ్యరు. చెట్టుని నరికి మోసుకుపోకుండా, బెరడు చుట్టూ ఒలిచి నిలువునా ఎండిపోనిచ్చినట్టు ఉంటుంది ఇది. చచ్చిన గడ్డ లోపలే ఉండి, నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. స్కాన్ల గురించి కింద రాసినదంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంది.

3. మీకు సరిపోతుందో లేదో తేల్చుకోండి

సాధారణంగా 3 సెంటీమీటర్ల లోపు, గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉన్న గడ్డ అయితే లేజర్‌కి బాగా లొంగుతుంది. అంతకంటే పెద్దదైతే ఒకటికి మించి ఫైబర్లు కావాలి. పైగా చచ్చిన కణజాలం వాచి చుట్టుపక్కల నొక్కేస్తుంది. గడ్డ మెదడు లోతుల్లో, థలామస్‌లోనో కార్పస్ కాలోజంలోనో ఉండి, కోసి చేరుకోవడం ప్రమాదమైతే లేజర్ విలువ పెరుగుతుంది. రెండో సర్జరీకి ఒళ్ళు తట్టుకోలేని పెద్దవాళ్ళకి, ఇదివరకే రేడియేషన్ పడి తల చర్మం మానే శక్తి తగ్గినవాళ్ళకి కూడా ఇది ఆలోచించదగ్గ దారి.

ఇప్పటికే వాపు బాగా ఉండి మెదడు పక్కకి నెట్టుకుపోయిన మనిషికి మాత్రం గడ్డని కోసి తీసేస్తేనే ఒత్తిడి వెంటనే తగ్గుతుంది. లేజర్ ఆ పని చెయ్యలేదు, మొదట్లో వాపుని ఇంకొంచెం పెంచుతుంది కూడా. గడ్డ మెదడు పైభాగంలో, తేలిగ్గా చేరుకోగల చోట ఉంటే ఓపెన్ సర్జరీయే మేలు కావచ్చు. పెద్ద రక్తనాళం పక్కనో, ద్రవం ఉండే వెంట్రికల్ పక్కనో ఉంటే ప్రవాహం వేడిని లాగేసుకుంటుంది, ఆ వైపు గడ్డ పూర్తిగా కాలకపోవచ్చు. ఎమ్మారైకి పనికిరాని పేస్‌మేకర్ ఉన్నా చిక్కే.

ఒక నిజం ముందే తెలిసి ఉండాలి. లేజర్‌ని, ఓపెన్ సర్జరీని ఎదురెదురుగా పెట్టి పోల్చిన పెద్ద ర్యాండమైజ్డ్ పరీక్షలు లేవు. మన దగ్గరున్న సమాచారంలో ఎక్కువ భాగం చికిత్స చేయించుకున్నవాళ్ళ వివరాలను వరసగా నమోదు చేసిన రిజిస్ట్రీల నుంచి వచ్చింది. అందుకే "ఇదే బెస్ట్" అని ఎవరైనా తడుముకోకుండా చెబితే, "మా నాన్నగారి గడ్డకి ఎందుకు బెస్ట్?" అని అడగండి.

4. సర్జన్‌ని ఈ ప్రశ్నలు అడగండి

ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఆ గదిలో కూర్చున్నాక అన్నీ మర్చిపోతారు.

- ఇలాంటి గడ్డలకి మీరు స్వయంగా ఎన్ని లేజర్ చికిత్సలు చేశారు?
- గడ్డలో ఎంత భాగం కాల్చగలమనుకుంటున్నారు? ఏ వైపు వదిలేయాల్సి వస్తుంది, ఎందుకు?
- లేజర్ పెట్టేముందు బయాప్సీ తీస్తారా? ఆ ముక్క జన్యు పరీక్షలకి చాలుతుందా?
- ఓపెన్ సర్జరీ, రేడియోసర్జరీ (గామా నైఫ్ లాంటి గురిపెట్టిన రేడియేషన్), మందులు, ఏమీ చేయకుండా గమనించడం: వీటిలో ప్రతిదాన్నీ మా విషయంలో ఎందుకు వద్దనుకున్నారు?
- మాట, చెయ్యి, చూపు, వీటిలో దేనికి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ? తగిలితే అది వాపు తగ్గాక పోయేదా, ఉండిపోయేదా?

బయాప్సీ ప్రశ్నని వదలకండి. వేడి తగిలాక కణజాలం పరీక్షకి పనికిరాకుండా పోతుంది, కాబట్టి ముక్క తీయాల్సింది ముందే. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ లాంటి జన్యు మార్పులు తెలియకుండా గ్లియోమా పేరు కూడా సరిగ్గా చెప్పలేరు. గ్లియోబ్లాస్టోమాలో ఎంజీఎంటీ పరీక్ష చూసి కీమో ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేస్తారు.

వేడి కొలతలో తేడా వస్తే ఏం చేస్తారో కూడా అడగొచ్చు. ఎమ్మారై ఉష్ణోగ్రత లెక్క తప్పితే అనుకున్నదానికంటే ఎక్కువ కాలిపోయే ప్రమాదం ఉందని 2018లో ఎఫ్‌డీఏ వైద్యులకి హెచ్చరిక లేఖ రాసింది. అనుభవమున్న సర్జన్ ఈ ప్రశ్నకి నొచ్చుకోరు.

ఇంకొకటి. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు అంతంతమాత్రమే అయితే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్లు ఫోన్‌లోనో వీడియోలోనో దొరుకుతారు. కొడుకో కూతురో అనువాదం చేస్తే చేదు మాటలు దారిలోనే ఆగిపోతాయి. "మాట పడిపోవచ్చు" అన్నది "ఏం కాదు నాన్నా" అయిపోవడం కళ్ళారా చూశాను. ఒళ్ళు ఎవరిదో నిర్ణయం వాళ్ళదే కావాలంటే, వాళ్ళ చెవిన పూర్తి మాట పడాలి.

5. డబ్బు, కాగితాలు

అమెరికాలో ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి తప్పనిసరి అనుకోండి. మెదడు లేజర్‌కి 2022 నుంచి సొంత బిల్లింగ్ కోడ్‌లున్నాయి: ఒకే ఫైబర్ దారితో చేసేదానికి 61736, ఎక్కువ దారులు కావాల్సినదానికి 61737. ఫోన్ చేసినప్పుడు ఈ అంకెలు చెబితే అవతలివాళ్ళు వెంటనే అర్థం చేసుకుంటారు. తిరస్కరిస్తే అక్కడితో ఆగకండి. సర్జన్‌ని ఇన్సూరెన్స్ డాక్టర్‌తో నేరుగా మాట్లాడమనండి, దాన్ని పీర్ టు పీర్ అంటారు. తర్వాత అప్పీలు, అదీ కాకపోతే బయటి స్వతంత్ర సమీక్ష. విజిటర్ ఇన్సూరెన్స్ మీదున్న అమ్మానాన్నల సంగతి వేరు. ముందునుంచీ ఉన్న జబ్బు అని చెప్పి చాలా పాలసీలు చేతులెత్తేస్తాయి. సంతకం పెట్టేముందే ఆస్పత్రి ఫైనాన్షియల్ కౌన్సెలర్‌ని కలిసి, రాతపూర్వకంగా అంచనా తీసుకోండి.

భారతదేశంలో ఉన్నవాళ్ళు "లేజర్ ఉంది" అన్న ప్రకటన చూసి పరుగెత్తకండి. వెన్నుపూసకీ, సైనస్‌కీ, పైల్స్‌కీ లేజర్ అన్న మాట వాడతారు, ఇది వాటిలో ఏదీ కాదు. ఎమ్మారైలో ఉష్ణోగ్రత చూస్తూ చేసే మెదడు లేజరేనా, ఏ యంత్రం, ఇప్పటిదాకా ఎంతమందికి చేశారు అని అడగండి. దాని కోసం చికిత్స వాయిదా వేసుకోవడం మాత్రం వద్దు. చాలా గడ్డలకి మంచి ఓపెన్ సర్జరీ, రేడియోసర్జరీ, రేడియేషన్ అందుబాటులో ఉన్నాయి. రెండో అభిప్రాయం కావాలంటే నిమ్స్, నిమ్హాన్స్ లాంటి చోట న్యూరోసర్జన్‌ని కలవొచ్చు. టాటా మెమోరియల్ సెంటర్ నిపుణుల అభిప్రాయాన్ని నవ్య ఆన్‌లైన్ సేవ ద్వారా ఇంటినుంచే తీసుకోవచ్చు.

6. ముందు వారంలో చేయాల్సినవి

వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెబుతారు. గుండెలో స్టెంటు ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు సర్జరీకి కనీసం 3 రోజుల ముందు ఆపాలని ఎఫ్‌డీఏ సూచన. ఈ మందు ఇండియా నుంచి తెచ్చుకుని వేరే బ్రాండ్ పేరుతో వేసుకుంటుంటారు, ఇక్కడి డాక్టర్‌కి ఆ పేరు తెలియకపోవచ్చు. డబ్బా చూపించండి. చేప నూనె మాత్రలు, పసుపు క్యాప్సూల్స్, ఆయుర్వేద చూర్ణాలు, ఇవన్నీ చెప్పండి. ఫిట్స్ మందులు మాత్రం ఆపకూడదు, ఆ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోమనే సాధారణంగా చెబుతారు.

ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి. రోగి తెలుగులో మాట్లాడుతూ, నవ్వుతూ, రెండు చేతులూ ఎత్తుతూ, నాలుగు అడుగులు నడుస్తూ ఉండాలి. ఎందుకంటారా? మత్తు దిగాక నర్సు ఇంగ్లీషులో "ఇది ఏ సంవత్సరం?" అని అడుగుతుంది. ఆయన తెలుగులో గొణుగుతాడు. చార్టులో "అయోమయంగా ఉన్నాడు" అని పడిపోతుంది. లేదా నిజంగా మాట తడబడుతున్నా, భాష రాక అనుకుని వదిలేస్తారు. రెండోది మరీ ప్రమాదం. ఆ వీడియో చూపించి "ఇది మా నాన్న మామూలు మాట, ఇప్పుడు తేడాగా ఉంది" అని మీరు చెప్పగలగాలి. గడ్డ మాట కేంద్రం దగ్గరుంటే, ఫంక్షనల్ ఎమ్మారై (మాట్లాడేటప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్) పరీక్ష తెలుగు మాటలతో చేయగలరా అని కూడా అడగండి. ఆయన ఆలోచించే భాష అదే కదా.

ముందురోజు తలకి నూనె పెట్టొద్దు. వాళ్ళిచ్చిన షాంపూతోనే తలస్నానం చేయించండి. గుండు చేస్తారేమోనని చాలామంది ఆడవాళ్ళు లోలోపలే కుమిలిపోతుంటారు. మామూలుగా రంధ్రం పెట్టే చోట మాత్రమే కొద్దిగా తీస్తారు.

ఒంటి మీద లోహం ఒక్కటీ ఉండకూడదు, ఎమ్మారై బలమైన అయస్కాంతం. మంగళసూత్రం, నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక, గాజులు అన్నీ తీయాలి. మంగళసూత్రానికి తగిలించిన పిన్నీసులు మర్చిపోవడం మామూలు, వెతికి తీయండి. సూత్రం తీయడానికి అమ్మ ఒప్పుకోకపోతే ఇంట్లోనే నూలుతాడుకి పసుపు కొమ్ము కట్టి వేయించండి, ఆ తాడు ఉంచుకోవచ్చా అని మత్తు డాక్టర్‌ని అడగండి. మెడ దగ్గర కుదరదంటే చేతికి కట్టుకోవచ్చేమో చూస్తారు. తీరా ఆపరేషన్ గది గుమ్మంలో ఈ పేచీ పడితే, అమ్మ ఏడుస్తూ మత్తులోకి వెళ్ళాల్సి వస్తుంది. వేలికి బిగుసుకుపోయిన ఉంగరం ఉంటే ముందే తీయించండి. పచ్చబొట్లుంటే చెప్పండి.

7. ఆ రోజు

పూర్తి మత్తు ఇస్తారు. తలని కదలకుండా బిగించి, కంప్యూటర్ గురితోనో రోబో చెయ్యి సాయంతోనో దారి ఖాయం చేస్తారు. చిన్న గాటు, రంధ్రం, బయాప్సీ, తర్వాత పుర్రెకి చిన్న బోల్టు బిగించి దాంట్లోంచి ఫైబర్ దించుతారు. అక్కడినుంచి ఎమ్మారై గదికి. లేజర్ వెలిగి ఉండే సమయం నిమిషాల్లోనే ఉంటుంది, మిగతాదంతా గురి చూడటం, సరిచూడటం, మనిషిని జాగ్రత్తగా జరపడం. అందుకే బయట కూర్చున్నవాళ్ళకి నాలుగైదు గంటలు, అంతకంటే ఎక్కువ కూడా పట్టొచ్చు. ఆలస్యమైతే ఏదో జరిగిందని అర్థం కాదు. చివర కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా కనబడటానికి నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి ఎమ్మారై తీసి, ఎంత కాలిందో చూసి, ఫైబర్ తీసి కుట్టేస్తారు.

సర్జన్ బయటికి వచ్చినప్పుడు రెండు అడగండి: అనుకున్నదాంట్లో ఎంత భాగం కాలింది, రక్తస్రావం ఏమైనా కనిపించిందా. మిగతావి మర్నాడు అడగొచ్చు.

ఆ రాత్రి ఐసీయూలోనో గమనించే వార్డులోనో ఉంచి గంటగంటకీ లేపి ప్రశ్నలు అడుగుతారు, కళ్ళల్లో టార్చి వేస్తారు. "పాపం పడుకోనివ్వండి" అని అడ్డుపడకండి. రక్తస్రావాన్ని, వాపుని ముందే పట్టుకునే పద్ధతి అది.

8. ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు

చిన్న కుట్టు చూసి అంతా అయిపోయిందనుకుంటారు. అసలు జాగ్రత్త ఇప్పుడే కావాలి. కాలిన గడ్డ చుట్టూ వాపు మొదటి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పెరగొచ్చు. ఆస్పత్రి నుంచి నడిచొచ్చిన మనిషికి నాలుగో రోజు చెయ్యి కాస్త బరువెక్కడం, మాట తడబడటం జరగొచ్చు. చాలావరకు ఇది వాపువల్లే, స్టెరాయిడ్ సర్దితే తగ్గుతుంది. అయినా మీరే తేల్చేయకుండా అదే రోజు ఫోన్ చేయండి.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్రని వైద్యులు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. తిన్నాకే వేయండి. సాయంత్రం ఆలస్యంగా వేస్తే నిద్ర పట్టదు, చివరి డోసు మధ్యాహ్నానికి జరపొచ్చా అని అడగండి. ఆకలి విపరీతంగా వేస్తుంది. షుగర్ లేనివాళ్ళకీ పెరుగుతుంది, ఉన్నవాళ్ళకి 300 దాటడం చూస్తుంటాం. గ్లూకోమీటర్ ఇంట్లో ఉంచి చూస్తుండండి. పళ్ళెంలో అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. పరామర్శకి వచ్చేవాళ్ళని స్వీట్లు తేవద్దనండి. నోట్లో తెల్లటి పొర కడితే ఫంగస్, మందు ఉంది. తొడల్లో బలం తగ్గి కింద కూర్చుంటే లేవలేరు, పీట కాకుండా కుర్చీ వేయండి. ఇంకా, శాంతంగా ఉండే మనిషి చీటికిమాటికి కసురుకుంటాడు. అది మందు చేయిస్తున్న పని, ఆయన స్వభావం మారిపోలేదు. ఇంట్లో పిల్లలకి కూడా ఇది చెప్పండి.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైము చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వద్దు. 5 నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా అమెరికాలో 911కి, మన రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయండి.

వీటికి ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి: పెరుగుతూపోయే తలనొప్పితో వాంతులు, లేపినా సరిగ్గా లేవనంత మగత, కొత్తగా వచ్చిన బలహీనత, కుట్టులోంచి నీళ్ళలా కారడం, చీము, జ్వరం. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. పూర్తి విశ్రాంతి పేరుతో మంచానికి అంటిపెట్టుకుని ఉంటే ఈ ప్రమాదం పెరుగుతుంది, రోజూ ఇంట్లో నడిపించండి. కారు నడపడం, విమానం ఎక్కడం డాక్టర్ ఒప్పుకున్నాకే. ఫిట్స్ వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళు కారు నడపకూడదన్నది అమెరికాలో ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది.

9. మొదటి స్కాన్ చూసి బెదిరిపోకండి

ఇది చెప్పడానికే సగం ఈ వ్యాసం రాశాను. ఇప్పుడు రిపోర్టు డాక్టర్ చూడకముందే ఫోన్‌లోకి వచ్చేస్తోంది. లేజర్ తర్వాత కొన్ని వారాలకి తీసిన ఎమ్మారైలో గడ్డ ముందుకంటే పెద్దగా కనబడటం సహజం. పైగా చుట్టూ కాంట్రాస్ట్ ఉంగరంలా మెరుస్తుంది. కాల్చింది గడ్డతోపాటు దాని అంచుని కూడా కాబట్టి ఆ చోటు పెద్దదవుతుంది. వేడి తగిలిన అంచున రక్తనాళాల అడ్డుగోడ (రక్తంలోనివి మెదడులోకి చేరకుండా ఆపేది) తెరుచుకుంటుంది కాబట్టి కాంట్రాస్ట్ కారి ఉంగరం వస్తుంది. రిపోర్టులో "సైజు పెరిగింది" అన్న వాక్యం చదివి, రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే క్లినిక్‌కి వచ్చిన భార్యలని, బిడ్డలని కూర్చోబెట్టి పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన చూపించాల్సి వస్తుంటుంది.

కాబట్టి ఇలా చేయండి. ఒకటి, పోల్చాల్సింది సర్జరీ ముందు స్కాన్‌తో కాదు, లేజర్ అయిన వెంటనే తీసిన స్కాన్‌తో. ఆ కాపీ తప్పకుండా మీ దగ్గర ఉంచుకోండి. రెండు, ఒక స్కాన్ కాదు, వరసగా రెండు మూడు స్కాన్లలో ధోరణి చూడాలి. ఉంగరం పలచబడుతూ, లోపలి భాగం కుంచించుకుపోతూ ఉంటే దారి బాగున్నట్టు. ఉంగరం ఒకవైపు దళసరిగా, ముద్దలా పెరుగుతుంటే అనుమానించాలి. అప్పుడు పెర్ఫ్యూజన్ ఎమ్మారై (ఆ చోట రక్త ప్రవాహం ఎంతుందో చూపేది) లాంటి అదనపు పరీక్షలు అడుగుతారు. మూడు, స్కాన్ తర్వాత ఎన్ని రోజుల్లో డాక్టర్‌తో మాట్లాడతామో ముందే ఖాయం చేసుకుని, అప్పటిదాకా రిపోర్టు తెరవకూడదని ఇంట్లో ఒప్పందం చేసుకోండి.

10. తర్వాతి చికిత్సకి తారీఖు ముందే వేయించుకోండి

గ్లియోబ్లాస్టోమా అయితే లేజర్ ఒక మెట్టు మాత్రమే. కంటికి కనబడే గడ్డ చచ్చినా, చుట్టూ మెదడులోకి పాకిన కణాలు మిగిలే ఉంటాయి. కొత్తగా బయటపడిన జబ్బుకి ఆరు వారాల రేడియేషన్, దాంతోపాటు టెమోజొలొమైడ్ అనే కీమో మాత్రలు, ఇదే 2005 నుంచి నడుస్తున్న పునాది. ఆ ఏడాది వెలువడిన పరీక్షలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో సగంమంది 12.1 నెలలకు మించి బతికితే, మాత్రలు కలిపినవాళ్ళలో అది 14.6 నెలలు అయింది. ఈ అంకెలు చదవడం కష్టమే. కానీ లేజర్ బాగా జరిగిందన్న సంతోషంలో రేడియేషన్ డాక్టర్ అపాయింట్‌మెంట్‌ని నెల వెనక్కి నెట్టేసిన కుటుంబాలున్నాయి కాబట్టే రాస్తున్నాను. చిన్న కోత ఇచ్చే పెద్ద లాభం ఇదే: గాయం త్వరగా మానుతుంది కాబట్టి తర్వాతి మందు త్వరగా మొదలుపెట్టొచ్చు. ఆ లాభాన్ని చేజార్చుకోకండి. డిశ్చార్జి రోజునే న్యూరో ఆంకాలజీ, రేడియేషన్ ఆంకాలజీ తారీఖులు రెండూ చేతికి తీసుకోండి.

క్లినికల్ ట్రయల్స్ గురించి కూడా ఇప్పుడే అడగాలి. లేజర్ తర్వాత రక్తనాళాల అడ్డుగోడ కొన్ని వారాలపాటు తెరిచి ఉంటుందని సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం 2016లో చూపింది. మామూలుగా మెదడులోకి చేరలేని మందులని ఆ సందులోంచి పంపొచ్చా అన్నది పరిశోధకుల ప్రశ్న. అలాంటి ట్రయల్‌లో చేరాలంటే చాలాసార్లు లేజర్‌కి ముందే పేరు నమోదు కావాలి, అయ్యాక అడిగితే ఆలస్యం అవుతుంది.

మెటాస్టాసిస్ అయితే అసలు క్యాన్సర్ చూసే ఆంకాలజిస్ట్‌కి బయాప్సీ రిపోర్టు మీరే స్వయంగా పంపండి. మెదడులోని ముక్కలో కొత్త జన్యు మార్పు బయటపడితే ఒంటికంతటికీ ఇచ్చే మందే మారొచ్చు. నెక్రోసిస్ అని తేలితే స్టెరాయిడ్ ఎంత తొందరగా మానగలమన్నదే అసలు లెక్క, ఆ తగ్గింపు పట్టిక రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి.

నొప్పి, నిద్ర, భయం చూసుకునే పాలియేటివ్ కేర్ బృందాన్ని మొదటినుంచే కలవొచ్చు. చికిత్స ఆపేశాకే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలన్నది మనవాళ్ళలో ఉన్న అపోహ. వాళ్ళు కీమో నడుస్తుండగానే పక్కన ఉండి సాయం చేస్తారు. పేషెంటుతోపాటు చూసుకునేవాళ్ళ అలసట గురించి కూడా అడిగేది ఎక్కువగా వాళ్ళే. మొదటి అపాయింట్‌మెంట్‌కి రోజంతా పక్కనుండి మందులిచ్చే మనిషిని తప్పకుండా తీసుకెళ్ళండి.